ఇద్దరు తక్కువ

కాశీబుగ్గ దాటి రెండు మలుపుల అవతల మా బడి.
నలభై ముగ్గురు పిల్లలు, ఐదు తరగతులు,
ఒక్క టీచరమ్మని, నేనే.
వానొస్తే రెండో తరగతి నెత్తిన కారే కప్పు.

నూటికి డెబ్భై మంది పేదలని తేలితే
కప్పుకి డబ్బులొస్తాయట, ఇంకో మాస్టారొస్తాడట.
తేలాలి.
ఉన్నంతమాత్రాన చాలదు.

ట్యాబ్‌లో పదకొండు ప్రశ్నలు.
స్లాబు ఇల్లా, రేకులా? బండి ఉందా? ఫ్రిజ్జు ఉందా?
కరెంటు నెలకి ఎన్ని యూనిట్లు?
ఆకలికి మాత్రం గడి లేదు. మంచిదే.
"తిన్నావా" అంటే "తిన్నానండి" అనడం
ఈ పిల్లలకి ఎవరూ నేర్పకుండానే వచ్చిన మర్యాద.

ఢిల్లేశు ఇంట్లో ఫ్రిజ్జుంది.
వాళ్ల నాన్నమ్మ తలుపు తీసి చూపించింది:
అడుగున రేషను బియ్యం, మీది అరలో ఆధారు కార్డులు,
గుడ్లు పెట్టే గుంటల్లో తాత కిడ్నీ మాత్రలు.
"ఎలకలు కొట్టీకుండా ఉంటాదని ఉంచినామమ్మా.
వైరు కోసీసి దండెం కట్టీసినాం."
ఆ దండెం మీద ఢిల్లేశు యూనిఫాం ఆరుతోంది.
ఆమె చూస్తుండగానే "ఉంది" అని నొక్కాను.
ట్యాబ్‌కి రెండే మాటలు వచ్చు.

మీటరు కూడా ఒక్కటే, మూడు కుటుంబాలకి.
బిల్లు మాత్రం ఒకే పేరున, ఒకే ధనవంతుడికి.

తేజేశ్వరి వాళ్లమ్మ గున్నమ్మ
పలాసలో జీడిపిక్కలు కొట్టి పంతొమ్మిదేళ్లు.
బొటనవేలు మిషన్ మీద పెట్టింది. పడలేదు.
చీర కొంగుతో తుడిచి పెట్టింది. పడలేదు.
ఎడమ చేతిది, చూపుడు వేలు, కొబ్బరి నూనె రాసి,
నా చాక్‌పీసు పొడి అద్ది కూడా పెట్టించాను.
ఎర్ర లైటు వెలిగి చెప్పింది:
ఈ మనిషి ఎవరో తెలియదు.

"పప్పెవులో తిన్నారు గానమ్మా,
నా యేలు పిక్క తినీసింది"
అని నవ్వింది గున్నమ్మ.
నవ్వు పోల్చుకునే మిషన్ ఇంకా రాలేదు.
పేదదని చెప్పుకోడానికి కావలసిన వేలిని
పేదరికమే ముందుగా అరగదీసి పెట్టుకుంది.

ఇప్పుడొక మాట చెప్పాలి, సిగ్గుగానే ఉంది.
పదో ఇల్లు దాటాక నాలో ఒక ఆశ మొదలైంది.
గుమ్మంలోకి అడుగు పెడుతూ
స్లాబు లేకపోతే బాగుణ్ణు అనుకున్నాను.
బైరాగి వాళ్ల నాన్న సూరత్ నుంచి
పైసా పంపడం లేదని తెలిసినప్పుడు
అయ్యో అనేలోపే లోపలెవరో వేలు మడిచి
ఇరవై ఎనిమిది, అన్నారు.
ఎవరో కాదు, నేనే.

మొత్తం కలిపితే ఇరవై తొమ్మిది.
ముప్పై ఒక్కరు ఉండాలి.

మండలంలో గుమాస్తా మంచివాడే, టీ ఇప్పించాడు.
"రెండే కదండీ, అప్పీలు పెట్టుకోండి" అన్నాడు.
అప్పీలుకీ వేలిముద్ర కావాలి.

మర్నాడు ప్రేయర్ అయ్యాక
తేజేశ్వరి నా కుర్చీ పక్కకొచ్చి నిలబడింది.
"మేడమ్, నిన్న మాయమ్మ రాసిన పరీచ్చ పాసా?"
ఏం చెప్పను?
"అమ్మకి అన్నీ వచ్చు, మిషన్‌కే రాలేదు" అన్నాను.
"మరయితే మిషన్ ఫెయిలు" అంది.
సంతోషంగా తన చోటుకి వెళ్లిపోయింది.

పదకొండున్నరకి వాన పట్టుకుంది.
చెప్పకుండానే రెండో తరగతి లేచి
పలకలు చంకన పెట్టుకుని
నాలుగో తరగతి ఒళ్లోకి సర్దుకుంది.
ఢిల్లేశు కప్పు కేసి చూసి
బకెట్ సరిగ్గా ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టాడు.
ఆ కొలత వాడికి తప్పదు.